మునెమ్మ కాలు, మంగమ్మ పెదవి

1946వ సంవత్సరం. యుద్ధం ముగిసి ఏడాది దాటినా బియ్యం, చక్కెర, కిరసనాయిలు ఇంకా రేషన్ మీదే దొరికేవి. అప్పుడు నేను చిత్తూరులో ఒక చిన్న ఆసుపత్రిలో ఆడవాళ్ల సర్జికల్ వార్డు చూసుకునేదాన్ని. ఆపరేషన్ అయినవాళ్లూ, కావలసినవాళ్లూ ఉండే గదిని సర్జికల్ వార్డు అంటాం. పొడవాటి హాలు, రెండు వరుసల ఇనుప మంచాలు, పక్కన వరండా. వరండా చివర రోగుల బంధువులు వండుకోవడానికి మూడు రాళ్ల పొయ్యిలు ఉండేవి. మధ్యాహ్నమయ్యేసరికి ఉలవచారు, చింతకాయ తొక్కు వాసనలు వార్డంతా నిండిపోయేవి.

ఆ ఏడే మాకు కొత్త సర్జన్ వచ్చారు. సైన్యంలో పనిచేసి తిరిగొచ్చిన మనిషి. కాలిన మొహాలను, చితికిన దవడలను మళ్లీ మొహంలా మలిచే విద్య అక్కడ నేర్చుకున్నారు. దాన్ని ప్లాస్టిక్ సర్జరీ అంటారని ఆయన చెప్పగానే మేమంతా ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. అప్పటిదాకా మా ఆసుపత్రిలో కత్తి పట్టేది ప్రాణం నిలపడానికే. మొహం బాగుచేయడానికి కూడా కత్తి పడతారని మాకు తెలియదు.

అలా మాకు వచ్చిన మొదటి మనిషి మంగమ్మ. ఐరాల పక్కన ఒక పల్లె. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లు ఉంటాయేమో. భర్త చెంగల్రాయుడు ఎద్దుల బండిలో తీసుకొచ్చి, ఆమెనూ తన తల్లి మునెమ్మనూ దించి, పొలం పనులున్నాయని వెనక్కి వెళ్లిపోయాడు. మంగమ్మ మొహానికి అడ్డంగా కొంగు పట్టుకుని కూర్చుంది. ఆ కొంగు అంచు తడిసి ఉంది.

నాలుగేళ్ల కిందట బెల్లం వండే చోట పొయ్యిలోకి చెరకు పిప్పి తోస్తూ తూలిపడింది. మరుగుతున్న చెరకు పాలు గడ్డం మీద, మెడ మీద చిందాయి. పుండు మానింది గానీ, మానుతూ చర్మం ముడుచుకుపోయి కింది పెదవిని గడ్డం దాకా లాగేసింది. మా భాషలో దీన్ని కాంట్రాక్చర్ అంటారు. పెదవి మూతపడదు. కింది చిగురు ఎప్పుడూ బయటికే ఉంటుంది. చొంగ కారుతూనే ఉంటుంది. నోట్లో పెట్టుకున్నదాంట్లో సగం జారిపోతుంది.

మందులు కలిపే కాంపౌండరు వాళ్లను చూసి, మంచి మనసుతోనే అడిగాడు. "ప్రాణానికేం భయం లేదు గదమ్మా. అందం కోసరం కోత కోయించుకునేది ఎందుకు?"

మునెమ్మ తిరిగి చూసింది. బక్కపలచని మనిషి, నడవడం కొంచెం కుంటుతూ. "ప్రాణానికి భయం లేదు సామీ. నాలుగేండ్లుగా నా కోడలు మా ముందర కూసోని కూడు తినలా. దొడ్లో గోడ తట్టు తిరుక్కోని తింటాది. బిడ్డ పక్కన కూసుంటే బిడ్డను గూడా పొమ్మంటాది. నువ్వన్నట్టు అందం కోసరమే అనుకో. దానికి అందంగా ఉండాలని ఉండగూడదా?"

కాంపౌండరు తలొంచుకుని మందుల గదిలోకి వెళ్లిపోయాడు. నేను మునెమ్మను అప్పుడే సరిగ్గా చూశాను.

సర్జన్ గారు మంగమ్మను పరీక్ష చేశారు. ముడుచుకుపోయిన మచ్చను కోసి పెదవిని పైకి వదలాలి. అలా వదిలినప్పుడు ఏర్పడే ఖాళీలో తొడ నుంచి తీసిన చర్మం అతకాలి. దాని పేరు స్కిన్ గ్రాఫ్ట్. అతికిన చర్మం నారుమడిలో నుంచి తీసి నాటిన నారు లాంటిదని ఆయన మాకు చెప్పేవారు. కింద నేల సారంగా ఉంటేనే వేరు పట్టుకుంటుంది. మంగమ్మ ఒంట్లో ఆ సారం లేదు. నాలుగేళ్లుగా పలచని గంజి తప్ప ఏదీ పూర్తిగా కడుపులోకి పోలేదు. కనురెప్ప కింద చూస్తే తెల్లగా ఉంది.

"ముందు తిండి పెట్టండి సిస్టర్. గుడ్లు, పాలు, పప్పు. కొంచెం రక్తం పట్టాకే కత్తి" అన్నారు.

నేను పాలలో గుడ్డు గిలకొట్టి కప్పు తీసుకెళ్లాను. మంగమ్మ తల అడ్డంగా ఊపింది.

"పెరటాసి నెల గదా నర్సమ్మా" అంది మునెమ్మ. "ఎంకటేసుర సామి నెల, ఇదంతా మా ఇంట్లో నీసు ముట్టం. అదీగాక, మూతి బాగై తిరపతి కొండెక్కేదాకా గుడ్డూ మాంసం తిననని ఇది మొక్కుకోనుండాది."

నేను క్రైస్తవ ఇంట్లో పుట్టినదాన్ని. మా ఇంట్లో పెరటాసి లేదు గానీ, మా అమ్మ ఉపవాస దినాల్లో పచ్చి మంచినీళ్లు ముట్టని మనిషి. మొక్కు విడిచిపెట్టమని అడగడానికి నాకు నోరు రాలేదు. "సరే, గుడ్డు వద్దు. ఒట్టి పాలు తాగించు. పప్పు మెత్తగా మెదిపి పెట్టు" అన్నాను.

"పుండుండే మనిషికి పాలా? పప్పా? సీము పడతాది."

"పుండెక్కడుంది మునెమ్మా? ఇంకా కోయనే లేదే."

"రేపు కోస్తారు గదా. ఇప్పుడు ఒంట్లో సేరిండేది అప్పుడు బయటికొస్తాది. పాత బియ్యం అన్నంలోకి మిరియాల సారు. అంతకు మించి నేను పెట్టను."

పథ్యం విషయంలో మా ప్రాంతంలో ఏ ఇంట్లో అడిగినా ఆ రోజుల్లో ఇదే మాట. పాలు, పప్పు, వేరుశనగ, వంకాయ, గుమ్మడి అన్నీ పుండుకు పగవాళ్లు. నేను చెప్పి చూశాను. ఆమె వినలేదు. సర్జన్ గారికి చెబితే ఆయన, "బలం లేకుండా చేస్తే అతికిన చర్మం ఊడి వస్తుంది. అప్పుడు ఆమె ఇంకో సారి మన దగ్గరికి రాదు. ఇంటికి పంపండి. ఎప్పుడు తినగలిగితే అప్పుడే రానివ్వండి" అన్నారు.

ఆ మాట మంచం మీదున్న మంగమ్మ విన్నది. అప్పటిదాకా మాతో ఒక్క మాటా మాట్లాడని మనిషి కొంగు అడ్డం పెట్టుకుని, "నేను ఓను" అంది.

నాకు అర్థం కాలేదు.

"పోనంటాది" అంది మునెమ్మ మెల్లగా.

ప, బ, మ అనాలంటే పెదవి పెదవి కలవాలి. ఆమెకు కలవవు. తన పేరు తను చెప్పుకున్నా 'అంగఅ' అని వచ్చేది. అందుకే ఊళ్లో ఎవరితోనూ మాట్లాడడం మానేసిందట. ఆ మనిషి అందరి ముందూ నోరు తెరిచి పోనన్నది. సర్జన్ గారు ఆమె వంక చూసి, ఇంటికి పంపే మాట మళ్లీ ఎత్తకుండా పక్క మంచం దగ్గరికి నడిచారు. అంటే పంపించడం ఆగిందన్నమాట.

యుద్ధం రోజుల్లో పాలు దొరకనప్పుడు మా వంటగదిలో వేరుశనగ పాలు చేసేవాళ్లం. గింజలు రాత్రి నానబెట్టి, పొద్దున పొట్టు తీసి, మెత్తగా రుబ్బి, పలచని గుడ్డలో పిండి, ఆ పాలను బాగా కాచి బెల్లం కలిపితే చిక్కగా, కమ్మగా ఉంటుంది. అందులో గుడ్డు లేదు, నీసు లేదు, బలానికి మాత్రం లోటు లేదు. నేను మునెమ్మను వంటగదికి తీసుకెళ్లి చూపించాను.

"సెనక్కాయలు పైత్యం" అంది. కానీ ఈసారి వెంటనే వెళ్లిపోలేదు. గిన్నెలో పాలను చూస్తూ నిలబడింది. తర్వాత ఉన్నట్టుండి చీర కుచ్చెళ్లు కొంచెం ఎత్తి, తన పాదం ముందుకు చాపింది. చెరకు నరికిన మోడు గుచ్చుకుని అరికాలి పక్కన లోతుగా చీరుకుపోయిన పుండు. ఆమె కుంటడం చూశాను గానీ ఇంత పుండు ఉందని తెలియదు.

"ఇది పుండే గదా నర్సమ్మా?"

"పుండే."

"ముందు నేను తాగతా. దినామూ నువ్విచ్చినంత తాగతా. నా కాలు సీము పడితే నా కోడలికి వొద్దు. పడకపోతే నువ్వు సెప్పినట్టల్లా పెడతా. పాలైనా సరే, పప్పైనా సరే."

ఇది విని సర్జన్ గారు నవ్వుతారేమో అనుకున్నాను. ఆయన నవ్వలేదు. "కొత్త మందు వచ్చినప్పుడు మేమూ ఇదే చేస్తాం" అన్నారు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, "సిస్టర్, ఆ కాలిని కళ్లల్లో పెట్టుకుని చూసుకోండి. అది చెడిందంటే మన ఆపరేషన్ పోయినట్టే" అన్నారు.

నా ఉద్యోగంలో ఎన్నో పెద్ద ఆపరేషన్ల తర్వాత డ్రెస్సింగ్ చేశాను. డ్రెస్సింగ్ అంటే పుండు కడిగి, మందు వేసి, కట్టు కట్టడం. ఆ ముసలమ్మ అరికాలికి చేసినంత భయంగా ఇంకెవరికీ చేయలేదు. కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో కడిగి, చీము పట్టకుండా సల్ఫా పొడి చల్లి, కట్టు కట్టి, నేల మీద కాలు పెట్టవద్దని బతిమాలేదాన్ని. ఆమె మాత్రం పొద్దున కట్టు విప్పగానే నాకంటే ముందు వంగి, పుండు అంచు వేలితో నొక్కి, వాసన చూసేది. తన వంతు కప్పు తీసుకుని గటగటా తాగేసేది. అది ఆమెకు ఇష్టం లేదని మొహంలోనే తెలిసేది.

వార్డులో అందరికీ ఈ సంగతి తెలిసిపోయింది. కడుపు ఆపరేషన్ అయి లేవలేని మనిషి కూడా తల ఎత్తి, "మునెమ్మక్కా, కాలెట్ల ఉండాది?" అని అడిగేది. అత్త కట్టు విప్పుతుంటే మంగమ్మ మంచం అంచున కూర్చుని, ముందుకు వంగి చూసేది.

పుండు ఎండింది. అంచుల్లో లేత గులాబి రంగు చర్మం పాకింది. ఒకరోజు మునెమ్మ పుండు నొక్కి, వాసన చూసి, ఇంకోసారి నొక్కి, కట్టు నా చేతికిచ్చింది. తన కప్పు తాగకుండా తీసుకెళ్లి కోడలి చేతికిచ్చింది.

"తాగుమ్మే. నేనుండాను గదా" అంది.

ఆ తర్వాత ఆ మనిషిని ఆపడం మాకే కష్టమైంది. వేరుశనగ పాలు, బర్రె పాలు, పప్పు కట్టు, రాగి జావ. తనే రుబ్బేది, తనే కాచేది, తనే మంగమ్మ తల వెనక్కి వాల్చి కొంచెం కొంచెంగా పోసేది. మంగమ్మ కనురెప్పల కింద ఎరుపు వచ్చింది. పెరటాసి నెల చివరి వారంలో సర్జన్ గారు ఆపరేషన్ చేశారు.

అసలు పథ్యం అప్పుడు మొదలైంది. అతికిన చర్మం కదలకూడదు, తడవకూడదు. నమలకూడదు, మాట్లాడకూడదు, నవ్వకూడదు. తిండి అంతా లిక్విడ్ డైట్, అంటే తాగేవి మాత్రమే. ఫీడింగ్ కప్ అని టీ కెటిల్ లాగా కొమ్ము ఉండే కప్పు ఒకటి ఉంటుంది. దాని కొమ్ముకు రబ్బరు గొట్టం తగిలించి, నోటి మూల నుంచి లోపలికి పెట్టి, గోరువెచ్చగా పోయాలి. పోశాక మళ్లీ కాచిన నీళ్లు పోసి నోరు శుభ్రం చేయాలి. ఇవన్నీ నేను ఊహించినవే. ఊహించనిది ఒకటుంది.

మొదటి మధ్యాహ్నం వరండాలో ఎవరో చింతకాయ తొక్కులో పోపు వేశారు. వాసన వార్డులోకి వచ్చింది. మంగమ్మ కళ్లు మూసుకుని పడుకునే ఉంది, కానీ నోట్లో నీళ్లు ఊరాయి. చూస్తుండగానే కట్టు అంచు తడిసింది. నేను పరుగెత్తి దూదితో అద్దాను. సర్జన్ గారు వచ్చి చూసి, "ఈమెకు పులుపు, కారం పెట్టకపోవడం ఒక్కటే చాలదు. వాసన కూడా రాకూడదు" అన్నారు.

వార్డు నిండా మనుషులు. వాళ్ల తిండికి అడ్డం చెప్పే అధికారం నాకు లేదు. ఏం చేయాలా అని నేను ఆలోచిస్తుండగానే మునెమ్మ ప్రతి మంచం దగ్గరికీ వెళ్లి చేతులు జోడించింది. "మా, మీకు పుణ్యముంటాది. వారం దినాలు పులుపు, తాళింపు మాత్రం ఈడ వొద్దు." లేవగలిగిన వాళ్లందరూ ఆ రోజు నుంచి ఆసుపత్రి వెనక గోడ దాకా వెళ్లి, అక్కడ వండుకుని, అక్కడే తిని, నోరు పుక్కిలించుకుని వచ్చేవాళ్లు. లేవలేని వాళ్లు మజ్జిగన్నంతో సరిపెట్టుకున్నారు. ఒక్కరు కూడా విసుక్కోలేదు. ఇంత మంది ఒక మనిషి పథ్యాన్ని తలా కొంచెం మోయడం నేను మళ్లీ చూడలేదు.

పెరటాసి చివరి శనివారం కొండకు వెళ్లొచ్చిన చెంగల్రాయుడి మేనత్త తిరుగు ప్రయాణంలో మంగమ్మను చూడడానికి వచ్చింది. నేను వార్డు అవతలి చివర ఒకామెకు మందు తాగిస్తున్నాను. మునెమ్మ నీళ్లకు వెళ్లింది. మేనత్త మూట విప్పి కొండ వడ తీసింది. మిరియాలు, నెయ్యి వాసన గుప్పుమంది. చిన్న ముక్క తుంచి, "సామి ప్రసాదం. రవ్వంత నోట్లో ఏసుకో. దీనికి పథ్యం లేదు" అంటూ మంగమ్మ నోటి దగ్గరికి తీసుకెళ్లింది.

నేను కేకేసేలోపే మంగమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. మాట్లాడకూడదు. మాట్లాడితే అంతా పోతుంది. ప్రసాదం వద్దని తోసేయకూడదు. నాలుగేళ్లుగా కరకరలాడే వస్తువు ఏదీ నోట్లో పెట్టుకోని మనిషి. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ చేతిని అలాగే పైకెత్తి, ముక్కను తన రెండు కళ్లకూ అద్దుకుంది. తర్వాత మెల్లగా ఆ చేతినే వెనక్కి తిప్పి, ముక్కను మేనత్త నోట్లోనే పెట్టేసింది.

మేనత్త వడ ముక్కతో నోరు తెరుచుకుని ఉండిపోయింది. వార్డంతా చూస్తోంది. అందరికీ నవ్వు వస్తోంది, మంగమ్మ ముందు నవ్వితే ఆమెకూ నవ్వొస్తుందని భయం. ఒక్కొక్కరే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వరండాలోకి వెళ్లారు. తర్వాత బయటి నుంచి వినిపించిన నవ్వులు నాకు ఇప్పటికీ వినిపిస్తాయి. మిగిలిన వడను మంగమ్మ వేలితో చూపిస్తూ అందరికీ పంచమని సైగ చేసింది. గోడ దాకా వెళ్లి అందరం తిన్నాం. నేనూ తిన్నాను.

వారం దాటాక సర్జన్ గారు కట్టు విప్పారు. మునెమ్మ గోడకు ఆనుకుని నిలబడింది, దగ్గరికి రాలేదు. ఒక మూల చిన్న అంచు మాత్రం నల్లబడింది. మిగిలిన చర్మమంతా లేత గులాబి రంగులో అతుక్కుని ఉంది. "పట్టుకుంది" అన్నారు సర్జన్ గారు.

ఆ తర్వాత సాఫ్ట్ డైట్, అంటే నమలక్కర్లేని మెత్తని తిండి. ముందు చిక్కటి జావ, తర్వాత పప్పు కట్టులో కలిపిన మెత్తని సంగటి. పెదవి బిగుసుకుపోకుండా కదిలించడం నేర్పాలి. రోజూ పొద్దున మంగమ్మ చేత ప, బ, మ అనిపించేదాన్ని. మొదట్లో గాలి మాత్రమే వచ్చేది. ఒక పొద్దున నేను వేరే మంచం దగ్గరుండగా వెనక నుంచి, "సిస్టరమ్మా" అని వినిపించింది. ఎవరో కొత్త గొంతు అనుకుని తిరిగి చూశాను. మంగమ్మ.

అద్దం అడిగితే ఇచ్చాను. మచ్చ మచ్చగానే ఉంది. అతికిన చర్మం రంగు వేరు. కొంచెం అతుకు గీత కనిపిస్తోంది. ఇంకా అందంగా వస్తుందని ఆశ పెట్టుకుందేమో, ఏమంటుందోనని భయపడ్డాను. ఆమె చాలాసేపు చూసుకుని, పెదవులు మూసి, తెరిచి, మళ్లీ మూసింది. "బాగుండాది" అంది. ఆ ఒక్క మాటలో 'బా' ఎంత గట్టిగా పలికిందో.

ఇంటికి వెళ్లే ముందు రోజు మునెమ్మ వరండాలో రెండు ఆకులు పక్కపక్కన వేసింది. అత్తాకోడళ్లు ఒక వరుసలో కూర్చుని తిన్నారు. మంగమ్మ వార్డు వైపు మొహం పెట్టుకునే కూర్చుంది.

తిన్నాక మునెమ్మ ఆకులు తీస్తుంటే నేను చాలా రోజులుగా అడగాలనుకున్నది అడిగాను. "మునెమ్మా, సర్జన్ గారు కోస్తామంటే ఒక్క మాట అడగకుండా వేలిముద్ర వేశావు. కత్తికి భయపడలేదు. గ్లాసెడు పాలకు అంత భయపడ్డావెందుకు?"

ఆమె చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుంది.

"కత్తి మీది గదా నర్సమ్మా. దాంట్లో ఏమన్నా అయితే మీ సేతిలో అయినట్టు, దేవుడి సేతిలో అయినట్టు. కూడు నాది. నా సేత్తో కలిపి, నా సేత్తో పోసేది. దాని వల్ల నా బిడ్డకు సీము పడితే నేనెట్ల బతికేది?"

నర్సింగ్ చదువులో డైటెటిక్స్ అని ఒక పాఠం ఉంటుంది. ఏ రోగికి ఏది పెట్టాలో, ఏది పెట్టకూడదో అందులో చెబుతారు. వండిపెట్టే మనిషి గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ రోజు నుంచి నేను రోగి పథ్యం గురించి రోగికి చెప్పడానికి ముందు, పక్కన గిన్నె పట్టుకుని నిలబడిన మనిషిని కూర్చోబెట్టి, ఆమెకు దేనికి భయమో అడిగాను. తల్లో, అత్తో, అక్కో, ఎవరో ఒకరు ఉండేవాళ్లు. వాళ్లు చెప్పేదంతా విన్నాకే నేను చెప్పవలసింది చెప్పేదాన్ని. ఆ భయం తీరాక నా మాట వినని మనిషి నాకు ఎదురుపడడం చాలా అరుదు.